ఇసుక కింది అంగళ్ల వరస

"దుబాయ్ వెళ్లొచ్చావట కదా, బంగారం ఎంత తెచ్చావు?" మా రాజమండ్రిలో నన్ను చూసినవాళ్లంతా అడిగే మాట ఇదే. బంగారం లేదమ్మా, మట్టి గీకి వచ్చాను అంటే నన్ను ఎగాదిగా చూస్తారు. ఆ మట్టి సంగతి ఒక్కొక్కరినీ నిలబెట్టి చెప్పలేక గొంతు పోతోంది. అందుకే రాసేస్తున్నాను. ఇక మీదట ఎవరడిగినా ఈ కాగితాలు చేతిలో పెడతాను.

నాకు మెయిన్ రోడ్డు సందులో గాజుల కొట్టు ఉంది. పెళ్లయిన ఏడాది నుంచీ ఆ గల్లాపెట్టె ముందే కూర్చున్నాను. వచ్చేపోయే వాళ్లతో బేరాలాడి, బేరాలాడి నోరు కొంచెం పెద్దదైన మాట నిజమే. మా తమ్ముడి కూతురు శిరీష నాకు పూర్తిగా ఎదురు. మాట మెత్తన, పట్టు మాత్రం ఉడుంపట్టు. ఇంట్లో అందరూ ఇంజనీరింగ్ అంటే ఇది పాత ఊళ్లు తవ్వే చదువు చదివింది. షార్జా ఎడారిలో మ్లేహా అనే చోటుకు అవతల ఒక విదేశీ బృందంతో కలిసి తవ్వకాల్లో పనిచేస్తోంది. అక్కడ తవ్వేది చలికాలంలోనే. ఆ గొయ్యి దాని మూడు చలికాలాల కష్టం.

2016 ఫిబ్రవరిలో ఫోన్ చేసి, "అత్తా, ఒకసారి వచ్చి నా గొయ్యి చూసిపోవూ" అంది.

"గొయ్యి చూడ్డానికి అంత దూరమా? మన మున్సిపాలిటీ వాళ్లు ఇంటి ముందే తవ్వారు, రోజూ చూస్తున్నాను" అన్నాను.

అది నవ్వలేదు. "ఈ నెల దాటితే చూద్దామన్నా ఉండకపోవచ్చు" అంది. ఆ గొంతు విన్నాక ఇంకేముంది, కొట్టు మా ఆయనకు అప్పజెప్పి టికెట్టు కొన్నాను.

బర్ దుబాయ్

విమానం ఎక్కకముందే నా కొంప మునిగింది. గసగసాలు పట్టుకెళ్తే అక్కడ జైల్లో పెడతారని పక్కింటావిడ చెవిలో ఊదింది. ఆ దేశంలో గసగసాలు నిషేధమన్నది నిజమే. నా పెట్టెలో గసగసాలు లేవు గానీ మసాలా పొడి ఉంది. అందులో గసగసాలు వేశానా, లేదా? ఎంత తలబద్దలు కొట్టుకున్నా గుర్తు రాలేదు. హైదరాబాద్ విమానాశ్రయంలో నేల మీద పెట్టె పరిచి, ఆ పొడినీ, అనుమానం కొద్దీ సాంబారు పొడినీ, ఏ పాపం ఎరగని కందిపొడినీ కూడా చెత్తబుట్టలో పడేశాను.

తీరా విమానాశ్రయానికి ఎదురొచ్చిన శిరీషతో కలిసి బర్ దుబాయ్ వీధిలో దిగితే మన పొడులన్నీ కొట్ల నిండా బారులు తీరి ఉన్నాయి! మునక్కాడలు, కరివేపాకు, అప్పడాలు, చివరికి అట్లపిండి కూడా ఉంది. ధర చూస్తే మాత్రం కళ్లు తిరిగాయి. గోంగూర కట్ట ఐదు దిర్హాంలు. దిర్హాం అప్పట్లో పద్దెనిమిది రూపాయలు. తొంభై రూపాయలు పోసి గోంగూర కొనేవాళ్లను చూస్తే వాళ్ల మీద జాలి, గోంగూర మీద గౌరవం ఒకేసారి పుట్టాయి.

బట్టల కొట్ల సందులో గాజులు కనిపిస్తే నా కాళ్లు ఆగిపోయాయి. మా కొట్లో ముప్ఫై రూపాయలకిచ్చే డజను అక్కడ పది దిర్హాంలు. ఇద్దరు ఆడవాళ్లు ఆ గాజులే బేరమాడుతున్నారు. మాట వినగానే గోదావరి యాస అని తెలిసిపోయింది.

"ఏ ఊరమ్మా మీది?" అన్నాను.

"తాటిపాకండి. ఇక్కడ అరబ్బోళ్లింట్లో పన్లో ఉన్నామండి. మీరెక్కడండి?"

"రాజమండ్రి. ఆ గాజులు కొనకండి, ఒక్క తడుపుకే రంగు పోతుంది."

ఆ కొట్టువాడికి తెలుగు రాకపోయినా నా మొహం చూసి అర్థమైనట్టుంది, నన్ను చూసిన చూపు మంచి చూపు కాదు. శిరీష నా చెయ్యి పట్టుకుని మెట్రో వైపు లాక్కుపోయింది. మెట్రోలో కూర్చోగానే ఆకలేసి జంతిక తీసి కొరకబోయాను. శిరీష చటుక్కున నా చేతిలోంచి లాగేసుకుంది. రైల్లో ఏదైనా తింటే వంద దిర్హాంలు జరిమానా అట! మన రైళ్లలో పల్లీలు తినకుండా ప్రయాణం చేసినవాడు ఉన్నాడా? ఆ లెక్కన మన రాజమండ్రి స్టేషన్ దాటేలోపు దేశం అప్పులన్నీ తీరిపోతాయి.

సాయంత్రం ఊరి మధ్య క్రీక్ అనే సముద్రపాయ దాటడానికి అబ్రా అనే చిన్న మోటారు పడవ ఎక్కాం. మనిషికి ఒక్క దిర్హాం. దుబాయ్ మొత్తంలో నాకు చవగ్గా తోచింది అదొక్కటే. గాలికి చల్లగా ఉంది, చుట్టూ దీపాలు, నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. అప్పుడు అడిగాను, "ఆ గొయ్యి ఉండకపోవచ్చంటే ఏంటే?"

"రోడ్డేస్తున్నారు అత్తా. సరిగ్గా నా గొయ్యి మీదుగా పోతుంది. వచ్చే గురువారం పొద్దున్న రోడ్ల శాఖ ఇంజనీరు వస్తాడు. అక్కడున్నది కాపాడుకోవలసిన కట్టడమని చూపించగలిగితే రోడ్డు పక్కకు తిప్పుతాడు. చూపించలేకపోతే ఖలాస్. ఫోటోలు తీసుకుని పూడ్చేయడమే."

"ఇంతకీ అక్కడేముంది?"

"అంగళ్లు" అంది శిరీష. చీకట్లో కూడా దాని కళ్లు మెరిశాయి. "గ్రీకులు, వాళ్ల తర్వాత రోమన్లు ఊళ్లలో అంగళ్లు ఒకలాగ కట్టేవాళ్లు. ఒకే పొడుగాటి కట్టడం, అందులో వరసగా కొట్లు, అన్నింటి ముందూ ఒకటే వసారా. రెండు వేల ఏళ్ల కిందట ఈ ఎడారి దారిన రోము సరుకు, మన సరుకు ఒంటెల మీద పోయేవి. నాకు ఒక్క గది దొరికింది. వరస ఉందని నా నమ్మకం. మా డైరెక్టర్ నమ్మడు. ఒంటెల్ని కట్టేసే కొట్టం అంటాడు."

"మూడేళ్లు తవ్వి గొడ్ల సావిడి తవ్వావంటాడా! ఎవడే వాడు?" అని లేచి నిలబడ్డాను. పడవ ఊగింది. పడవవాడు బెంగాలీలో నన్నేదో అన్నాడు, కూర్చున్నాను.

సజ్జా

మర్నాడు పొద్దున్నే సత్తిబాబు పికప్ వేసుకుని వచ్చాడు. తవ్వకాల మకాంలో వంట అతనిదే. మలికిపురం మనిషి, ప్రతి మాటకీ ముందు "ఆయ్" అంటాడు. మకాంకి వెళ్లే దారిలో సజ్జా అనే చోట ఆగి కూలీలను ఎక్కించుకోవాలి. అద్దాల మేడల దుబాయ్ ఫోటోల్లో చూసినవాళ్లకు సజ్జా చూపించాలి. రేకుల ఫ్యాక్టరీలు, సిమెంటు దుమ్ము, వాటి మధ్య కూలీల క్యాంపులు. ఒక్కో గదిలో రెండంతస్తుల మంచాలు, గోడల నిండా ఆరేసిన బట్టలు.

అక్కడ నేపాలీ కుర్రాళ్ల వెనకే మల్లేశం ఎక్కాడు. జగిత్యాల పక్క పల్లె అతనిది. పలకరించిన నిమిషంలోనే ఒక కాగితం కప్పులో కరక్ చాయ్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. పాలు, టీ ఆకు, ఏలకులు కలిపి చిక్కగా మరిగించినది, ధర ఒక దిర్హాం. ఆ రుచి ఇప్పటికీ నా నాలుక మీదే ఉంది.

"అమ్మా, గా గోతిల ఏం జూస్తవ్? మేం దినాం జూస్తున్నం, మన్నే" అన్నాడు.

"మరి నువ్వెందుకు తవ్వుతున్నావు?"

"ఇంతకుముందు బిల్డింగ్ పని జేసిన. గాడ ఉరుకులాటనే. గీడ శిరీషమ్మ చిన్నగ తవ్వుమంటది, మెల్లగ గీకుమంటది. పానం నిమ్మలంగుంటది" అని నవ్వాడు. "గురువారం దాటితే మల్ల గా బిల్డింగ్ పనికే పోవాలె."

నేను తెచ్చిన ఆవకాయ సంగతి అప్పటికే సత్తిబాబుకి తెలిసిపోయింది. "ఆయ్, అక్కగారూ, జాడీ మూత తీయకండే! తీశారంటే బండి నేను నడపలేనండి" అన్నాడు. తీశాను. బండి నిజంగానే పక్కకు ఆపాడు. రోడ్డు పక్కన నిలబడి ఖుబూస్ రొట్టెలో ఆవకాయ పెట్టుకుని అందరం తిన్నాం. మేస్త్రీ గుల్ చాచా కూడా తిన్నాడు. పెషావర్ దగ్గర మనిషి, గెడ్డానికి గోరింటాకు పెట్టుకుంటాడు. కళ్లల్లో నీళ్లు కారుతున్నా "బహుత్ అచ్ఛా, ఆపా" అంటూ, నన్ను అక్కను చేసుకుని, రెండో ముక్క అడిగాడు.

గొయ్యి

ఎడారి అంటే పసుపు పచ్చగా ఉంటుందనుకున్నాను. అక్కడి ఇసుక ఎర్రన! ఒక పక్క నల్లటి రాతికొండలు, ఇంకో పక్క ఎండిపోయిన వాగు, మధ్య తుమ్మల్లాంటి ముళ్లచెట్లు, వాటి కింద ఎవరి గొడవా పట్టని ఒంటెలు. నాకు పట్టలేని సంతోషం వేసి చెప్పులు విడిచి ఇసుకలో నడిచాను. ముల్లు గుచ్చుకుని మళ్లీ వేసుకున్నాను.

గొయ్యి అంటే బావిలా ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే మా సందంత పొడుగున, మోకాలు లోతున చదునుగా గీకిన నేల. ఒక కొసన మాత్రం పచ్చి ఇటుకల గోడలు మూడు, వాటి మధ్య ఒక చిన్న గది, గదికి ఒక గుమ్మం. మిగతాదంతా ఒకే రంగు మట్టి.

"ఇటుకలూ మట్టే, కూలి వాటి మీద పడిందీ మట్టే. రెండూ కలిసి గట్టిపడిపోయాయి" అంది శిరీష. "గోడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కంటికి ఆనదు. వరస ఈ మట్టిలోనే ఉంది అత్తా. నాకు తెలుసు. చూపించలేకపోతున్నాను."

ఆ గదిలో దొరికిన ఒక జాడీ చెవి నాకు చూపించింది. దాని మీద గ్రీకు అక్షరాల ముద్ర ఉంది. ద్రాక్షసారా పోసిన జాడీ అట, గ్రీకు దేశపు దీవి నుంచి వచ్చిందట. దాన్ని చేతిలో పెట్టుకుంటే నా ఒళ్లు ఝల్లుమంది. ఎవడో కొట్టువాడు నాలాగే ఈ సరుకు దించుకుని, పగిలినవి ఏరి పక్కన పెట్టి, వాటి నష్టం మిగతా వాటి మీద వేసుకుని ఉంటాడు.

డైరెక్టర్ గారిది డెన్మార్క్. ఆయన పేరు నాకు నోరు తిరగలేదు. కూలీలంతా ముదీర్ అంటారు, అంటే పెద్ద అధికారి అని. నేనూ ముదీర్ గారూ అన్నాను. పొడుగ్గా, ఎండకు కమిలి, మర్యాదగా ఉన్నాడు. తిట్టడానికి సిద్ధపడి వెళ్లిన నాకు ఆ మర్యాద చూసి నిరాశ కలిగింది.

"మీ మేనకోడలు చాలా మంచి పనిమంతురాలు. కానీ ఒక్క గదిని బట్టి బజారు అని నేను సంతకం పెట్టలేను. ఇంజనీరు ముందు ఊహ చెప్పకూడదు" అన్నాడు, నాకు అర్థమయ్యేట్టు ఇంగ్లీషు ముక్కలు విడివిడిగా పలుకుతూ. న్యాయమైన మాటే. అందుకే ఇంకా కోపం వచ్చింది.

పని నేర్చుకున్న రోజులు

ఊరికే కూర్చోవడం నా వల్ల కాదు. శిరీష నాకొక చిన్న తాపీ, మెత్తటి చీపురు ఇచ్చింది. తాపీతో మట్టి పైపొర గీకాలి, ఊడ్చాలి, రాలిన మట్టి జల్లెడ పట్టాలి. ఎప్పుడూ వెనక్కి జరుగుతూ పోవాలి, గీకిన చోట కాలు పెట్టకూడదు. ఇల్లు కడిగేటప్పుడు ఆడవాళ్లందరం చేసేది అదే కదా!

రెండో రోజు జల్లెడలో నాకొక ఎముక దొరికింది. "రోము ఎముక, రోము ఎముక!" అని నేను వేసిన కేకకు ముదీర్ గారు ఫోటోలు తీసే నిచ్చెన దిగి పరుగెత్తుకొచ్చారు. అటూ ఇటూ తిప్పి చూసి సత్తిబాబును పిలిచారు.

సత్తిబాబు సిగ్గుపడుతూ, "ఆయ్, మొన్నటి బిర్యానీదేనండి. కుక్క తెచ్చి పడేసుంటదండి" అన్నాడు. ఆ రోజంతా మల్లేశం నన్ను "బిర్యానీ మేడం" అన్నాడు.

తిండికి లోటు లేదు. హమూర్ చేపతో సత్తిబాబు పెట్టే పులుసుకు ముదీర్ గారు కూడా అన్నం చేత్తో కలుపుకునేవారు. పక్క తోటలోని ముసలాయన ఒకరోజు ఒంటె పాలు పంపాడు, తాగితే కాస్త ఉప్పగా ఉన్నాయి. వాటితో పెరుగు తోడుపెట్టి చూశాను. తోడుకోలేదు. ఒంటె పాలు అంత తేలిగ్గా తోడుకోవని ముందే ఎవరూ చెప్పలేదు!

ఇన్ని నవ్వుల మధ్యా శిరీష మాత్రం అన్నం మెతుకులు లెక్కపెడుతూ కూర్చునేది. సోమవారం చేలకు మందు కొట్టేలాంటి చేతిపంపుతో నీళ్లు తుంపర కొట్టించింది. తడి తగిలితే ఇటుక రంగు తేలుతుందట. మిట్టమధ్యాహ్నపు ఎండ, పైగా మీది పొర ఇంకా పూర్తిగా తీయలేదు. పడ్డ నీళ్లు పడ్డట్టే ఆరిపోయాయి. మంగళ, బుధవారాలు అందరం కలిసి ఆ చివరి పొర కూడా గీకేశాం. బుధవారం సాయంత్రానికి నేల అద్దంలా ఉంది. గీతా లేదు, గోడా లేదు.

"రేపు సూర్యుడు పైకొచ్చాక చివరి ఫోటోలు తీద్దాం. నేల పొడిగా, ఒకే రంగులో ఉండాలి" అన్నారు ముదీర్ గారు. శిరీష తలూపింది. ఆ తర్వాత తన సంచిలో తాపీలు తుడిచి సర్దుకోవడం చూశాను. పక్కన కూర్చుని మిగతా తాపీలు నేను తుడిచిచ్చాను.

గురువారం

తెల్లవారుజామునే మెలకువ వచ్చింది. బయట చలి, ఇంకా ఎండ పడలేదు. టీ కోసం అందరూ వంటగది దగ్గర చేరారు. నేను ఒక్కదాన్నే గోతి దగ్గరకు నడిచాను.

ఇక్కడ నేను చేసిన పని చెబుతాను, తిట్టకండి. పెద్దమనిషి వస్తున్నాడు. అవి కొట్లు అని నా మేనకోడలు చెప్పింది, నేను నమ్మాను. పెళ్లయిన మర్నాటి నుంచీ నేను కొట్టు ముందు ఊడ్చి, నీళ్లు చల్లకుండా తలుపు తీసి ఎరగను. జ్వరమొచ్చినా చల్లాను, వానపడుతున్నా చల్లాను. నీళ్లు చల్లని కొట్లోకి లక్ష్మి అడుగుపెడుతుందా? గట్టు మీద నీళ్ల డ్రమ్ము ఉంది, బకెట్టు ఉంది. ఫోటోల మాట బుర్రలోనే లేదు. చీర కుచ్చిళ్లు దోపుకుని, అంచుల వెంట తిరుగుతూ, చేత్తో విసిరి విసిరి గొయ్యంతా నీళ్లు చల్లేశాను. ఎన్ని బకెట్లో గుర్తులేదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా చల్లి, నడుం మీద చెయ్యి పెట్టుకుని హమ్మయ్య అనుకున్నాను.

వెనక నుంచి గుల్ చాచా కేక వినిపించింది. "ఆపా! పానీ క్యోం డాలా?"

అందరూ పరుగెత్తుకొచ్చారు. నేల మొత్తం నల్లగా తడిసి ఉంది. ముదీర్ గారి మొహం ఎర్రబడింది. నా వైపు చూడకుండా, "ఫోటోలు పోయాయి" అని ఒక్క మాట అన్నారు.

"ఏందమ్మా గిట్ల జేసినవ్!" అన్నాడు మల్లేశం.

శిరీష గట్టు మీద కూలబడింది. అప్పుడు తెలిసింది నాకు, దానికి మిగిలిన ఆ కాస్త ఫోటో కూడా నేనే చెడగొట్టానని. "నా చేతులు విరిగిపోనూ! ఎంత పని చేశానే తల్లీ!" అని అక్కడే ఏడ్చేశాను.

కొండ మీద నుంచి ఎండ దిగింది. తడి మెల్లగా ఆరడం మొదలైంది. ఏడుస్తున్న నా చెయ్యి శిరీష గట్టిగా పట్టుకుంది. ఓదార్చడానికి అనుకున్నాను. అది గోతిలోకి చూస్తోంది.

"అత్తా, కదలకు" అంది.

నేల అంతా ఒక్కలా ఆరడం లేదు. కొన్ని చోట్ల తెల్లబడుతోంది, కొన్ని చోట్ల నల్లగానే ఉంది. ఆ నలుపు నిలువుగా ఒక పట్టీ, దానికి అడ్డంగా ఇంకో పట్టీ. దాని పక్కన మరొకటి, అదే కొలత! జిగట ఎక్కువున్న ఇటుక తడిని పట్టుకుని ఉంది, మధ్యలో పడ్డ మట్టి వదిలేస్తోంది. చూస్తుండగానే గదులు తేలాయి. ఒకటి, దాని పక్కన ఒకటి, దాని పక్కన ఇంకొకటి, వరసగా గొయ్యి చివరిదాకా! ప్రతి గదికీ ఒకే వైపు గుమ్మం. గుమ్మాల ముందు పొడుగునా వసారా.

"వరస!" అని శిరీష అరిచింది. దాని గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

ముదీర్ గారు రెండు చేతులూ తల మీద పెట్టుకుని డేనిష్‌లో ఏదో అన్నారు. మరుక్షణం, "యల్లా, యల్లా! ఆరిపోయేలోపు గీయండి! తాపీలు!" అని కేకలేశారు. ఎండ ఎక్కితే మొత్తం మళ్లీ ఒకే రంగు అయిపోతుంది. అందరం బూట్లు, చెప్పులు విడిచి దిగాం. సత్తిబాబు వంట గరిటె పట్టుకుని దిగాడు. ముదీర్ గారూ మోకాళ్ల మీద కూర్చున్నారు. శిరీష పరుగెడుతూ "ఇక్కడ, ఇక్కడ, నలుపు అంచు వెంటే, లోపలికి పోకండి" అని చూపిస్తుంటే తాపీ మొనలతో గోడల అంచులు గీసుకుంటూ పోయాం. ఎండ వెనక తరుముతోంది. చివరి గది అంచు నేను, మల్లేశం గీశాం. గీత ముగిసేసరికి మా చేతుల కిందే నలుపు పోయింది.

ముదీర్ గారు లేచి నా దగ్గరకు వచ్చారు. మట్టి చేతులతోనే నమస్కారం పెట్టారు. "ఈ నీళ్లు మేం చల్లవలసినవి. చల్లటి వేళ, ఇంత నీరు, గీకిన వెంటనే. పంపుతో ఒకసారి చల్లించి ఊరుకున్నాం" అన్నారు.

"ఇందాక నా మొహం కూడా చూడలేదు కదా, ఇప్పుడు దండాలేంటి?" అన్నాను. నవ్వు, ఏడుపు రెండూ కలిసి వస్తున్నాయి.

అంగట్లో

ఫోటోలో గదుల కొలత తెలియాలంటే ఒక్కో గదిలో ఒక్కో మనిషి నిలబడాలన్నారు ముదీర్ గారు. ఆయన నిచ్చెన ఎక్కారు. మేం తలా ఒక గుమ్మంలో నిలబడ్డాం. కొట్టు గుమ్మంలో నిలబెడితే నోరు ఊరుకుంటుందా? ముందు మొదలెట్టింది సత్తిబాబే.

"ఆయ్, రండి బాబూ రండి! పులస చేపండి, అంతర్వేది పులసండి!"

"ఎర్రగడ్డలు, ఎర్రగడ్డలు! జగిత్యాల ఎర్రగడ్డలు!" అని పక్క గది నుంచి మల్లేశం.

గుల్ చాచా బాదంపప్పు, కిస్మిస్ అమ్ముతున్నాడు. నేపాలీ కుర్రాళ్లు వాళ్ల భాషలో ఏం అమ్ముతున్నారో తెలియదు గానీ గట్టిగానే అమ్ముతున్నారు. నేను ఊరుకుంటానా! చేతులు పైకెత్తి గాజులు గలగలలాడించి, "గాజులమ్మా గాజులు! రంగు పోని గాజులు!" అని అందుకున్నాను. ఎడారంతా మోగిపోయింది. నిచ్చెన మీద ముదీర్ గారు నవ్వు ఆపుకోలేక కెమెరా వణికిస్తున్నారు.

ఈ గోలలో బండి వచ్చిన చప్పుడు ఎవరికీ వినపడలేదు. చూసేసరికి తెల్లటి పొడుగు కందూరా చొక్కా తొడుక్కున్న పెద్దాయన ఒకాయన వసారాలో నడిచొస్తున్నాడు. వెనకే రోడ్డు నక్షా చుట్ట పట్టుకుని ఇంకో మనిషి. శిరీష మొహంలో రంగు పోయింది. ఇంజనీరు! దాని చేతిలో కాగితాలు ఉన్నాయి, చెప్పాలని వారం నుంచి వల్లెవేసిన మాటలు ఉన్నాయి. అవి మొదలెట్టేలోపే ఆయన దాన్ని దాటిపోయాడు. సత్తిబాబు పులస సగంలో ఆగిపోయింది.

ఆయన గీతల వెంట, గోడ మీద కాలు పడకుండా, ఒక్కో గుమ్మం చూసుకుంటూ నడిచాడు. చేపల కొట్టు దాటాడు, ఎర్రగడ్డల కొట్టు దాటాడు. నా గుమ్మం ముందు ఆగాడు. పైకెత్తిన చేతులు దించడం కూడా మర్చిపోయి నిలబడి ఉన్నాను. నా గాజుల వైపు వేలు చూపించి అడిగాడు.

"బికమ్?"

ఎంత అని! అరబ్బీ రాకపోయినా ఆ మాట ఏ కొట్టుమనిషికి అర్థం కాదు?

"మీరే మొదటి బేరం బాబూ. బోణీ వేళ నేను ధర చెప్పను. మీకు తోచింది ఇచ్చి పట్టుకెళ్లండి" అన్నాను. శిరీష తేరుకుని ఆ మాట అరబ్బీలో చెప్పింది.

పెద్దాయన గెడ్డం సవరించుకున్నాడు. వరస చివరిదాకా ఒకసారి చూశాడు. వెనక మనిషిని పిలిచి, నక్షా విప్పించి, వేలితో ఒక గీత చెరిపినట్టు చూపించి, వాగు అవతల నుంచి ఇంకో గీత గీసినట్టు చూపించాడు. ఏదో అన్నాడు. శిరీష నా భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఏమన్నాడే, చెప్పవే అని నేను ఒకటే కుదుపు.

"రోడ్డు వాగు అవతలికి మార్చమన్నాడు అత్తా. ఇప్పుడు ఆ ధర సరిపోయిందా అని నిన్ను అడుగుతున్నాడు."

చేతికున్న ఎర్ర గాజులు రెండు తీసి ఆయన చేతిలో పెట్టాను. నా ఇన్నేళ్ల వ్యాపారంలో అంత పెద్ద బోణీ ఎప్పుడూ కాలేదు.